ఎడమకు పోయే బాణం

ఇబ్రహీంపట్నం
18 జూన్ 2006

బావకు ధర్మేందర్ నమస్కారాలు.

ఇక్కడ అమ్మ, మేము అందరం బాగున్నాం. అక్కను అడిగానని చెప్పు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్ చేస్తే మనిద్దరం ప్లాట్ల రేట్ల దగ్గరే ఆగిపోతాం, అసలు సంగతికి వచ్చేసరికి బ్యాలెన్స్ అయిపోతుంది. పైగా బాణం సంగతి నోటితో చెబితే తలకెక్కదు. అందుకే బాపు విల్లు, నేను చేసిన కొత్త బాణాలు, ఈ కాగితం కలిపి పెద్ద ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను.

ఈ దసరాకు వంతు మన ఇంటిది. నువ్వు అల్లుడివి, మా ఊరి పద్ధతి సగమే తెలుసు, కాబట్టి మళ్లీ చెబుతున్నాను. పండుగ పూట జమ్మికి బయలుదేరే ముందు మైదానం చివర ఈతమొద్దు పాతుతారు. వంతు వచ్చిన ఇంటి మనిషి ఒకే ఒక్క బాణం కొట్టాలి. అందరూ జమ్మి ఆకు తీసుకుని తిరిగి వచ్చేదాకా ఆ బాణం మొద్దులో నిలబడి ఉండాలి. పడిపోతే ఆ ఇంటికి వచ్చే వంతు కూడా పోతుంది. నాలుగిళ్ల వంతు కాబట్టి ఎనిమిదేళ్లు చూస్తూ కూర్చోవాలి. బాపు బాణం ఒక్కసారీ పడలేదు. బాపు పోయాక ఇదే మొదటి వంతు, కొట్టాల్సింది నేను. దర్వాజా బిగిస్తూ పరంజా మీంచి పడి మోచేయి విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పారు, ఏడాదికల్లా మామూలైపోతుందన్నారు, ఫికర్ లేదు. అల్లుడూ ఇంటి మనిషేనని పెద్దలు ఒప్పుకున్నారు. ఇక నువ్వే మన పరువు.

ఈతమొద్దుకు పైన పీచు గట్టిగా ఉంటుంది. తేలిక మొన తగిలి కింద పడుతుంది. అందుకే మన ఇంట్లో తులం బరువు ఇనుప మొనలు వాడతాం. బరువు మొనతో చిక్కు ఏమిటంటే, నారి వదలగానే బాణం వెదురు పుల్ల ఎక్కువ వంగుతుంది. విల్లుకు, మొనకు, పుల్లకు పొత్తు కుదరాలి. అందుకని ఈకలున్న బాణాలు ఆరు, ఈకలు లేనివి రెండు పంపుతున్నాను. ఈ బోడి బాణాలతోనే అసలు పని. ఈకలు పుల్లలోని తప్పును దారిలో సర్దేస్తాయి. బోడి బాణం ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అది ఎటు పోతుందో చూసి రాయి.

నీ బామ్మర్ది
ధర్మేందర్


గోదావరిఖని
2 జూలై 2006

బామ్మర్దికి రమాకాంత్ ఆశీస్సులు.

పార్సిల్ అందింది. గొట్టం చూసి బోరు పైపు అనుకుని డ్రైవర్ 'ఇక్కడ గూడ నీళ్లు పడతలేవా అన్నా' అని అడిగాడు. క్వార్టర్ వెనక ఖాళీ జాగాలో ఇసుక బస్తాలు పేర్చి గురి మొదలుపెట్టాం. అంటే మొదలుపెట్టాను. డ్యూటీ నుంచి వచ్చి టీ తాగి విల్లు పట్టడమే పని.

ఈకల బాణాలు బుద్ధిగా నడుస్తున్నాయి. బోడి బాణం మాత్రం జానెడు ఎడమకు పోతోంది. ఎన్నిసార్లు కొట్టినా ఎడమకే. గురి బాగా కుదురుతోందని ఇక్కడ అందరూ అంటున్నారు. అందరూ అంటే నేనూ మీ అక్కా. ఏం చేయాలో రాయి.

రమాకాంత్

తమ్ముడూ, మీ బావ మస్తు కష్టపడుతుండు. నువ్వు చెయ్యి జాగ్రత్త. — అక్క


ఇబ్రహీంపట్నం
11 జూలై 2006

బావకు,

నీ ఉత్తరం చదివి సంతోషమైంది. పెళ్లినాడు తలంబ్రాలు కూడా అక్క తల మీద కాకుండా పురోహితుడి మీద పోసిన మనిషివి, గురి కుదిరిందంటే మా బాపు పైనుంచి చూస్తున్నట్టే.

నీలాంటి కుడిచేతి మనిషి కొడితే, బోడి బాణం ఎడమకు పోయిందంటే పుల్ల మొండిదని లెక్క. సరిగా వంగకుండా విల్లును తన్నుకుని పక్కకు జరుగుతోంది. దీనికి మందు సులువు. మొన బరువు పెంచితే పుల్ల మెత్తబడి నడుమకు వస్తుంది. కమ్మరి దగ్గర కూర్చుని తులంపావు మొనలు చేయించాను, కంసాలి త్రాసులో తూచి మరీ పంపుతున్నాను. పాతవి వేడిచేసి ఊడదీసి ఇవి పెట్టుకో.

ఇక్కడ దర్వాజాల పనికి తీరిక లేదు. కొంగరకలాన్ దాకా పొలాల్లో రంగు రాళ్లు పాతారు, ప్రతి మనిషీ ఇల్లు కడతానంటున్నాడు. మన మైదానం కూడా వెంచరు అయింది. నడుమ నలభై అడుగుల రోడ్డు వేశారు కాబట్టి బాణానికి దారి మాత్రం మునుపటికన్నా చక్కగా ఉంది.

ధర్మేందర్


గోదావరిఖని
25 జూలై 2006

బామ్మర్దికి,

నీ మందు వికటించింది. తులంపావు మొన పెట్టాక బోడి బాణం నడుమకు రాలేదు సరికదా, మూరెడు ఎడమకు పోయింది. పక్క క్వార్టర్లో యోహాను అని నాతో పాటు పనిచేస్తాడు, చాలా నెమ్మదస్తుడు. వాళ్ల నీళ్ల డ్రమ్ముకు చిల్లు పడింది. నేను తలుపు కొట్టేసరికి అతను చిల్లులో వేలు పెట్టుకుని కూర్చున్నాడు. 'పండుగ మీది గాని డ్రమ్ము నాది రమాకాంతన్నా' అన్నాడు. ఇద్దరం సబ్బు ముక్కతో పూడ్చాం.

చెప్పినట్టే చేశాం. ఎక్కడా తేడా లేదు. ఇంకేదైనా ఉపాయం ఉంటే చెప్పు, లేకపోతే బస్తాలు కుడివైపుకు జరపమని మీ అక్క సలహా ఇస్తోంది.

రమాకాంత్


ఇబ్రహీంపట్నం
6 ఆగస్టు 2006

బావకు,

నాకు ఒకటే అనుమానం. నువ్వు నారి లాగేటప్పుడు గడ్డం దాకా తేకుండా నడుమలోనే వదిలేస్తున్నావు. సగం లాగితే ఏ పుల్లైనా మొండిగానే ఉంటుంది. కోపం తెచ్చుకోకు, డ్యూటీ చేసి అలిసిపోయి ఉంటావు. ఈసారి తులమున్నర మొనలు పంపుతున్నాను. దీనికీ వంగకపోతే అది వెదురు కాదు, ఇనుప చువ్వ. ఇవి కూడా కుదరకపోతే ఈకల బాణాలన్నీ వెనక్కి పంపు, నేనే చూస్తాను.

నీకొక్కడికే ఒక మాట. మోచేయి ఏడాదిలో బాగవుతుందని రాశాను కదా, అది నిజం కాదు. ఇక ఇంతేనని దవాఖానలో చెప్పేశారు. చేయి చాపితే చక్కగా ఉంటుంది, మడవబోతే సగంలో ఆగిపోతుంది. నోటిదాకా రాదు. అన్నం ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాను, పనికి ఇబ్బందిగా ఉందని అమ్మకు ఏదో చెప్పాను. రంపం, ఉలి నడుస్తున్నాయి, బతుకుకు లోటు లేదు. విల్లు మాత్రం ఇక లాగలేను. బాపు తర్వాత నేనే అనుకుంటూ పెరిగాను, అది తలచుకుంటేనే బాధ. అక్కకు చెప్పకు.

అందుకే ఈ బాణం నిలబడటం నాకు అంత ముఖ్యం. కొట్టేది నేను కాకపోయినా చేసింది నేనని ఉంటుంది.

ధర్మేందర్


గోదావరిఖని
20 ఆగస్టు 2006

బామ్మర్దికి,

బోడి బాణం ఇప్పుడు బస్తాల దాకా కూడా రావడం లేదు, దారిలోనే పక్కకు తిరుగుతోంది. ఈకల బాణాలు ఆరూ వెనక్కి పంపుతున్నాను.

ఇంకో సంగతి. ఇంట్లో పార్సిల్ విప్పేది మీ అక్క. నేను డ్యూటీ దిగి వచ్చేసరికే నీ ఉత్తరం చదివేసింది. ఆ పూట అన్నం తినలేదు. అంతకన్నా నేను రాయలేను.

రమాకాంత్


ఇబ్రహీంపట్నం
27 ఆగస్టు 2006

బావకు, బావతో పాటు ఇంకొకరికి,

బాణాలు బెంచీ మీద పరిచి చూశాను. ఒక్కో బాణానికి మూడు ఈకలు కదా. ఎర్రది విల్లుకు అవతల, బయటివైపు ఉంటుంది. తెల్లవి రెండు, ఒకటి పైన, ఒకటి కింద. బాణం వదిలినప్పుడు కింది ఈక విల్లు పట్టిన చేతికి రాసుకుంటూ పోతుంది. బాపు బాణాలన్నింటిలో అరిగింది అదే. నువ్వు పంపినవాటిలో కింది ఈక కొత్తగా ఉంది, పై ఈక అరిగింది. పై ఈకకు చేయి ఎలా తగులుతుందో అర్థంకాక చాలాసేపు అటూ ఇటూ తిప్పాను. చివరికి ఎడమచేత్తో లాగినట్టు పట్టుకుని చూస్తే అరిగిన ఈక కిందికి వచ్చింది.

మన రెండిళ్లలో ఎడమచేతి వాటం ఒక్కరిదే. నోట్లో నువ్వుగింజ నానని మనిషివి, ఇన్నాళ్లు ఎలా దాచావు బావా? 'మొదలుపెట్టాం' అని రాసి మళ్లీ 'మొదలుపెట్టాను' అని దిద్దినప్పుడే నేను కనిపెట్టాల్సింది.

ఎడమచేతి వాళ్లకు లెక్క మొత్తం తిరగబడుతుంది. బాణం ఎడమకు పోయిందంటే పుల్ల మొండిది కాదు, మెత్తనిది. నేను మొన బరువు పెంచుతూ దాన్ని ఇంకా మెత్తబరిచాను. యోహాను డ్రమ్ముకు చిల్లు పెట్టింది నేనే, అతనికి చెప్పు.

అక్క కొడుతుందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో రాయలేను. ఇక సులువే. అరతులం మొనలు పెట్టి పంపుతాను. పుల్ల తట్టుకుంటుంది, అక్క చేయి కూడా నొప్పెట్టదు. మొద్దును కొంచెం దగ్గరికి జరపమని పెద్దలను అడుగుతాను, కాదనరు.

ధర్మేందర్


గోదావరిఖని
3 సెప్టెంబరు 2006

తమ్ముడు ధర్మేందర్‌కు అక్క స్వరాజ్యం రాసేది.

నాకు పుస్తకం భాష రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. ఇగో, గిందుకే నీకు చెప్పొద్దని మీ బావ దగ్గర ఒట్టు ఏయించుకున్న. అక్క అని తెల్వంగనే మొన సగమైంది, మొద్దు దగ్గరికొచ్చింది. చిన్నప్పుడు గూడ గంతే. నేను బోరింగు కాడ బిందె నింపి ఎత్తుకుంటే ఎన్క నుంచి వచ్చి సగం ఒంపేటోడివి, అక్కకు బరువైతదని. మళ్ల సగం బిందెకు ఇంకోసారి పోయేది నేనే.

నా చెయ్యి నొస్తదని నీకెవలు చెప్పిన్రు? మీ బావ నువ్వడగంగనే ఒప్పుకుండు గాని, విల్లు పట్టినంక వారం దినాలు చూసిన, బస్తాలకు ఒక్కటి తగల్లే. జర ఇటియ్యి అన్న. మొదటి బాణమే దిగింది. బాపు నేర్పింది చెయ్యి మర్వలే. నీకు పదేండ్లు రాంగనే విల్లు నీ చేతికి పోయింది, నాకు కోపం లేకుండె. నువ్వు పట్టుకుంటే బాపు మొఖం చూడముచ్చటగుండేది. గాని ఇడిచిపెట్టిన కాడ్నుంచి మనసుల ఉన్నది, అబద్ధం ఎందుకు.

ఎడమచెయ్యికి లెక్క తిరగబడుతదని నాకు ఎర్కలే. బాపు చూసుకుంట పక్కనే పుల్ల కోసిచ్చేటోడు. ఇప్పుడు ఎర్కైంది గదా. తులమున్నర మొన ఈకల బాణం బస్తల దిగితే గుంజుతానికి మీ బావ కాలు తన్నిపట్టాలె. గట్ల దిగాలె ఈతమొద్దుల గూడ. మొన తియ్యకు, పుల్ల మార్చు. మొద్దు జరపమని ఎవర్నన్న అడిగినవో, నేను దసరకు రాను.

మోచెయ్యి సంగతి సదివిన. మస్తు దుఃఖమైంది. గా పొద్దు బాణం పట్టబుద్ధి కాలే, తెల్లారి పట్టిన. అమ్మకు నువ్వే చెప్పు, దాస్తే ఆమెకు ఇంకింత కష్టమైతది.

స్వరాజ్యం


ఇబ్రహీంపట్నం
10 సెప్టెంబరు 2006

అక్కా,

సరే, ఓడిపోయాను. బిందె సంగతి నువ్వు ఇంకా గుర్తుపెట్టుకుంటావనుకోలేదు.

లావు వెదురు పుల్లలు తీసి, తులమున్నర మొనలే పెట్టి నాలుగు బోడి బాణాలు పంపుతున్నాను. పోల్చి చూసుకోవడానికి నీ ఈకల బాణం ఒకటి కూడా పెట్టాను. బోడి పుల్లలు కావాలనే పొడుగు ఉంచాను. పొడుగు ఉన్నంతసేపు ఎడమకే పోతాయి. వెనక నుంచి వేలి గోరంత కోసి, గాడి మళ్లీ పెట్టి, కొట్టి చూడు. పొట్టిగా అయ్యేకొద్దీ మొండిబారి నడుమకు వస్తుంది. తొందరపడి ఎక్కువ కోస్తే కుడికి దాటిపోతుంది, కోసినది మళ్లీ అతకదు. నడుమకు వచ్చిన బాణం పొడుగుకు దారం తెంపి పంపు. పండుగ బాణానికి ఆ కొలతతోనే ఈకలు కడతాను, ఎడమచేతికి తగ్గట్టు.

అమ్మకు చెప్పాను. ఆమెకు ముందే తెలుసట. 'చెంచ పట్టినప్పుడే అనుకున్న, నువ్వే చెప్తవని ఊకున్న' అంది.

ధర్మేందర్


గోదావరిఖని
19 సెప్టెంబరు 2006

తమ్ముడూ,

దారం ఈ కాగితంల సుట్టిన. మొదటి పుల్ల తొందరపడి కోసి ఖరాబు చేసిన, కుడికి పోయింది. రెండోది నడుమకు వచ్చింది, ఈకల బాణం పక్కపొంటే దిగింది. మీ బావ చూసి సప్పట్లు కొట్టిండు. యోహాను మాత్రం డ్రమ్ము లోపలికి జరిపిండు, నమ్మకం లేదట.

స్వరాజ్యం


ఇబ్రహీంపట్నం
2 అక్టోబరు 2006, దసరా

బావకు,

నీకు సెలవు దొరకలేదని అక్క చెప్పింది. నిన్ను వదిలి పండుగ చేసుకున్నామనిపిస్తోంది, అందుకే పడుకునేలోపే కూర్చుని రాస్తున్నాను.

అక్క విల్లు పట్టుకుని రాగానే ఎంకయ్య అడ్డం నిలబడ్డాడు. మన తర్వాతి వంతు వాళ్లింటిదే, నీకు తెలుసు. మీసాలాయన మంచివాడే గానీ పద్ధతి దగ్గర పట్టుదల ఎక్కువ. 'అల్లుడంటే ఒప్పుకున్నం, ఇదేంది' అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. 'అల్లుడు ఇంటోడైతే బిడ్డ ఎవలింటిదయా' అంది. ఎంకయ్య కాసేపు మీసం దువ్వుకున్నాడు. 'సరే కొట్టుమను. పడితే మాత్రం పడ్డట్టే' అన్నాడు.

వెంచరు రోడ్డు చివర మొద్దు పాతారు, ఒక్క అడుగు కూడా ఎవరూ జరపలేదు. అక్క కుడిచేత్తో విల్లు ఎత్తగానే వెనక ఎవరో 'తిప్పి పట్టింది' అని నవ్వారు. గాలి లేచింది. అక్క నారి లాగినదల్లా మెల్లగా దించేసింది. భయపడిందేమో అనుకున్నాను బావా. ఆమె ఆగింది గాలి కోసం. వెంచరు వాళ్ల జెండా వాలగానే మళ్లీ లాగి వదిలింది. కట్టె మీద గొడ్డలి పడ్డ చప్పుడు వచ్చింది. బాణం నిలబడింది.

అందరూ జమ్మికి పోయారు. నేను పోలేదు. ఒంటరిగా మొద్దు దగ్గర నిలబడి దాన్నే చూస్తూ ఉన్నాను. గాలికి ఎర్ర ఈక ఊగింది గానీ మొన కదల్లేదు. ఇంత వయసు వచ్చి కూడా కళ్లు తుడుచుకున్నాను, ఎవరూ లేరు కాబట్టి నీకు చెబుతున్నాను.

తిరిగి వచ్చాక తర్వాతి వంతు ఇంటివాళ్లు బాణం గుంజి మనకు అప్పగించాలి. ఎంకయ్య గుంజాడు, కాలు తన్నిపట్టి గుంజాడు, రాలేదు. చివరికి గొడ్డలి తెచ్చి మొద్దును చీల్చాల్సి వచ్చింది. మొన చేతిలో పెట్టుకుని బరువు చూశాడు. జమ్మి ఆకు ముందు అక్క చేతిలోనే పెట్టాడు. పోతూ పోతూ నా పక్కకు వచ్చి, 'వచ్చే ఏడు మా బాణం గూడ నువ్వే చెయ్యాలె' అన్నాడు.

రేపటి బస్సుకు అక్కను ఎక్కిస్తాను. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను, దారిలో విప్పి చదువుతుందని తెలుసు.

ధర్మేందర్


గోదావరిఖని
9 అక్టోబరు 2006

తమ్ముడూ,

మంచిగ చేరిన. ఉత్తరం బస్సు ఊరు దాటకముందే ఇప్పిన. మీ బావ రెండుసార్లు సదివి, యోహానుకు గూడ సదివి వినిపించిండు. చీల్చిన మొద్దు చెక్క ఒకటి తెచ్చిన గదా, దాన్ని యోహాను తన డ్రమ్ము మీద మూత పెట్టుకున్నడు, ఇగ ఏ బాణం రాదట.

ఇప్పుడు నేను చెప్పేది జర మనసు పెట్టి సదువు. పండుగనాడు ఇంట్ల హారతి ఇచ్చేటప్పుడు పళ్లెం నీ చేతుల ఉండె. కుడిచెయ్యి నిండుగ చాపి పట్టుకున్నవ్. అమ్మ పాట మొత్తం అయ్యేదాక పట్టుకున్నవ్, దీపం కదల్లే. నేను పాట ఇడిచిపెట్టి నీ చెయ్యే చూసిన. బస్సుల గూడ గదే ఆలోచన.

నీ మోచెయ్యి మడతపడది. నారి గుంజే చెయ్యికి మడత కావాలె, ఒప్పుకుంట. విల్లు పట్టే చెయ్యికి మడత ఎందుకురా? చాపి నిలబెడితే సాలు. అన్నం ఎడమచేత్తో తింటున్నవ్, ఉలి ఎడమచేత్తో కొడుతున్నవ్, ఆ చెయ్యికి సత్తువ వచ్చింది. మన ఇంట్ల ఎవ్వలం అనుకోలే, ఎందుకంటే విల్లు అంటే బాపు తీరుగనే పట్టాలె అనుకున్నం.

మన వంతుకు ఇంకా నాలుగేండ్లున్నది. సంక్రాంతి పోయినంక ఒక పది రోజులు ఇక్కడికి రా. బాపు నాకు నేర్పిండు, నేను నీకు నేర్పుత. ముందుగాల తేలిక మొనలతోని మొదలుపెడుదాం, నీకు బరువైతది.

గొట్టంల ఈసారి రెండు జతల బాణాలు పెట్టుకొని రా. రెండూ ఎడమచేతియే.

అక్క
స్వరాజ్యం